గోడ మీద నీటి గీత: పాడుబడ్డ చోట్లలో ఇన్‌స్టలేషన్ కళ ఏం చేస్తుంది?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీదికి వచ్చాయి. ఆ రోజుల్లో శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ డ్యామ్‌ను కట్టింది 19 లక్షల క్యూసెక్కుల లెక్కతో. నీళ్లు తీశాక వన్‌టౌన్ వీధుల్లో ఇళ్ల గోడల మీద ఒక గీత మిగిలింది. కింద బురద రంగు, పైన పాత సున్నం రంగు. కొన్ని ఇళ్లలో ఆ గీత మనిషి తల కన్నా ఎత్తులో ఉండేది. కొన్నాళ్లు జనం బంధువులకు దాన్ని చెయ్యెత్తి చూపించేవాళ్లు. తర్వాత పండగకో పెళ్లికో ఒక్కో ఇంటికీ రంగు పడింది, గీత పోయింది. కోలుకోలేని కొన్ని ఇళ్లు మాత్రం తలుపుకు తాళంతో అట్లాగే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ వీధుల్లో ఆడుకునే పిల్లలకు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చెబితే నమ్మరు.

ఒక ఆర్టిస్టు వచ్చి, ఆ గీత ఉండిన ఎత్తులోనే, వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక నీలం తాడు కట్టారనుకుందాం. అంతే. బొమ్మ లేదు, విగ్రహం లేదు, కింద పేరు రాసిన పలక లేదు. పాలకు పోయేవాళ్లు, బడికి పోయేవాళ్లు, ఆటోలు, అందరూ ఆ తాడు కిందనే పోవాలి. దాని కింద నడుస్తున్నంతసేపూ మీ తల నీళ్లలో ఉంటుంది.

ఈ తాడు నా ఊహ. కానీ ఇన్‌స్టలేషన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఇంతకన్నా తేలికగా చెప్పడం రాదు. చిత్రం ముందు నిలబడి చూస్తాం. శిల్పం చుట్టూ తిరిగి చూస్తాం. ఇన్‌స్టలేషన్ లోపలికి వెళ్తాం. అక్కడి గోడలు, వెలుతురు, వాసన, చప్పుడు, మన ఒంటి ఎత్తు, అన్నీ ఆ పనిలో భాగమే. అదే తాడును హైదరాబాదులో ఏసీ గ్యాలరీలో కడితే అది బట్టలారేసే తాడు. కర్నూలు వన్‌టౌన్‌లో, ఆ ఎత్తులో కడితేనే దానికి అర్థం. అంటే ఆ పనిలో సగం ఆర్టిస్టు చేసింది, సగం ఆ చోటు చేసింది. 1950ల చివర అమెరికాలో అలన్ కాప్రో అనే ఆర్టిస్టు గదుల నిండా వస్తువులు పేర్చి, జనాన్ని లోపలికి నడిపించి, ఆ పనులకు ‘ఎన్విరాన్‌మెంట్లు’ అని పేరు పెట్టాడు. ఇన్‌స్టలేషన్ అనే మాట ఆ తర్వాత స్థిరపడింది.

దీన్ని గోడ బొమ్మలతో కలిపేస్తే చిక్కు మొదలవుతుంది. ఊళ్లో ఆర్ట్ అనగానే మనకు హైదరాబాదు ఎంఎస్ మక్తా గోడలు, ఢిల్లీ లోధీ కాలనీ గోడలు గుర్తొస్తాయి. అవి నాకూ ఇష్టమే. అయితే గోడ మీద నెమలిని గీస్తే మనం నెమలిని చూస్తాం, గోడ వెనక్కి పోతుంది. పాడుబడ్డ చోట మంచి ఇన్‌స్టలేషన్ పెడితే ఆ గోడే ముందుకొస్తుంది. పెచ్చులూడింది ఎందుకు, ఈ ఇంట్లో ఎవరుండేవారు, ఎప్పుడు పోయారు అని అడగాలనిపిస్తుంది.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ లండన్‌లో ఉండేది. ‘ఉండేది’ అని ఎందుకంటున్నానో చివర తెలుస్తుంది. తూర్పు లండన్‌లోని గ్రోవ్ రోడ్డు మీద పాతకాలపు వరస ఇళ్లను మున్సిపాలిటీ వాళ్లు పడగొడుతూ వచ్చారు. ఆఖరికి ఒక్క ఇల్లు మిగిలింది. 1993లో రేచల్ వైట్‌రీడ్ అనే శిల్పి ఆ ఇంటి లోపల అంతా కాంక్రీటు పట్టించి, గట్టిపడ్డాక బయటి ఇటుక గోడలను తీసేయించారు. మిగిలిందేమిటంటే, ఆ ఇంట్లోని ఖాళీ. గదుల్లో గాలి ఉండిన చోటంతా ఇప్పుడు రాయి. పొయ్యి గూడు బయటికి ఉబ్బి కనిపిస్తుంది, కిటికీ లోతు ఎత్తుగా కనిపిస్తుంది. మనుషులు తిని, పడుకుని, పోట్లాడుకుని బతికిన ఆ ఖాళీని ఎవరైనా చేత్తో తడమొచ్చు. దానికి ఆమె పెట్టిన పేరు ‘హౌస్’, అంటే ఇల్లు, అంతే. దాని మీద పెద్ద గొడవ జరిగింది. కొందరు అద్భుతమన్నారు, కొందరు రోడ్డు మీద దిమ్మె అన్నారు. ఆ నవంబరులో ఆమెకు బ్రిటన్‌లో కళకు పేరున్న టర్నర్ ప్రైజ్ వచ్చింది. ఆ రోజే అక్కడి స్థానిక సంస్థ దాన్ని కూల్చాలని తీర్మానించింది. 1994 జనవరి 11న కూల్చేశారు.

కూల్చాక కూడా ముప్పై ఏళ్లుగా దాని గురించి మాట్లాడుతూనే ఉన్నారు. పక్కనున్న వరస ఇళ్లన్నీ పోయినప్పుడు ఇంత మాట రాలేదు. ఈ కళ చేయగలిగిన పని ఇదేనని నా నమ్మకం. అది ఇంటిని నిలబెట్టలేకపోయింది. పోతున్న ఇంటిని ఊరు తలెత్తి చూసేట్టు చేసింది.

ఇంతకీ ఆర్టిస్టులు పాడుబడ్డ చోట్లకే ఎందుకు పోతారు? గ్యాలరీ అద్దె కట్టలేక, అడిగేవాడు ఉండడు కాబట్టి, అనే జవాబులో నిజం ఉంది. కానీ అడిగేవాడు ఉండడనే మాట దగ్గర నేను ఆగాలి. ఎందుకంటే పాడుబడ్డ చోటు అంటే ఖాళీ చోటు అనుకోవడంలోనే ఎక్కువ తప్పులు పుడతాయి.

మన కేసీ కాలువనే చూడండి. కర్నూలు, కడప, రెండు ఊళ్ల పేర్లూ ఆ రెండక్షరాల్లోనే ఉన్నాయి. 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టుకుని, కడప దాకా పొలాలకు నీళ్లూ ఇవ్వాలి, మీద పడవలూ నడపాలి, అదీ వాళ్ల లెక్క. పడవలైతే నడిచాయి గానీ రైతులు మొదట్లో పెద్దగా నీళ్లు తీసుకోలేదు. కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. కర్నూలు ఊరి దగ్గర ఆ కాలువ హంద్రీ నది మీదుగా వంతెనలో దాటుతుంది. కింద నది, పైన కాలువ. నీళ్ల మీద నీళ్లు పోయే చోటు మన ఊళ్లో ఉందని బయటివాళ్లకు చెబితే ఆశ్చర్యపోతారు. మనం మాత్రం ముక్కు మూసుకుని దాటిపోతాం. కాలువ ఊళ్లోంచి పోయినంత మేరా ప్లాస్టిక్ గ్లాసులు, చికెన్ అంగళ్ల వ్యర్థాలు, కాలనీల మురుగు.

బయటి నుంచి వచ్చిన ఆర్టిస్టుకు ఆ కట్ట ‘ఎవరూ పట్టించుకోని చోటు’. పొద్దున ఆరింటి నుంచి అక్కడే నిలబడి చూస్తే వేరే సంగతి కనబడుతుంది. బట్టలు ఉతికి ఆరేసుకునేవాళ్లుంటారు. చెత్త ఏరి, అట్ట వేరు, ఇనుము వేరు చేసేవాళ్లకు అదే వర్క్‌షాపు. గేదెలు దిగుతాయి. సాయంత్రం పేకాట. పాక వేసుకుని ఏళ్లుగా ఉన్న కుటుంబం ఉండొచ్చు. మున్సిపల్ ప్లాన్‌లో గీసిన దాంట్లో వీళ్లెవరూ ఉండరు. పెద్ద ఇన్‌స్టలేషన్ పెట్టి, లైట్లు వేసి, నాలుగు వారాలు జనాన్ని రప్పిస్తే మొదట జరిగేది ఏమిటంటే, ‘శుభ్రం చేయడం’ పేరుతో వీళ్లను లేపేయడం. మాలాంటి వాళ్లం ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. బట్టలారేసే తాడు పోయిన మనిషికి ఆ కళ వల్ల ఒరిగింది అదే. అందుకే ఇలాంటి పని ఎక్కడ చూసినా నేను ముందు అడిగే ప్రశ్న, ఇది ఎంత బాగుందని కాదు. నిన్న ఇక్కడ ఎవరున్నారు, రేపు వాళ్లు ఉంటారా అని.

ఈ ప్రశ్నకు నేక్ చంద్ జీవితం ఒక అరుదైన జవాబు. దేశ విభజనలో ఇప్పటి పాకిస్తాన్ వైపు ఊరు వదిలి వచ్చిన మనిషి. చండీగఢ్ కడుతున్నప్పుడు ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టరు. ఆ అందమైన కొత్త నగరం కోసం అక్కడున్న పల్లెలను ఖాళీ చేయించి పడగొట్టారు. 1957 నుంచి ఆయన ఆ శిథిలాలను, పగిలిన గాజులను, కప్పుల సాసర్ల పెంకులను, విరిగిన బాత్రూం టైల్సును సైకిల్ మీద మోసుకుపోయి, ఎవరూ కట్టడాలు కట్టకూడని అడవి భూమిలో బొమ్మలు చేశాడు. మనుషులు, ఏనుగులు, కోతులు, వరసలు వరసలు. డ్యూటీ అయ్యాక, రాత్రిళ్లు, టైర్లు కాల్చిన వెలుగులో. 1975లో అధికారుల కంటపడేసరికి అది ఎకరాల కొద్దీ విస్తరించింది. చట్టప్రకారం కూల్చాలి. జనం ఒప్పుకోలేదు. 1976లో దాన్ని రాక్ గార్డెన్ అని తెరిచి, ఆయనకే జీతం ఇచ్చి, యాభై మంది కూలీలను ఇచ్చి, పని కొనసాగించమన్నారు. 1984లో పద్మశ్రీ ఇచ్చారు. తర్వాత ఒకసారి బుల్‌డోజర్లు వస్తే ఊరి జనం అడ్డుగా నిలబడ్డారు.

ఆయన ఆర్ట్ కాలేజీలో చదవలేదు. ఇన్‌స్టలేషన్ అనే మాటతో ఆయనకు పనిలేదు. కానీ ఆ బొమ్మల ఒంటి మీదున్న గాజుముక్కలు ఆ పడగొట్టిన ఇళ్లవి. కొత్త నగరం ఏం మింగి పుట్టిందో అది ఆ తోటలో ఉంది. పాడుబడ్డ చోటుతో కళకు ఉండాల్సిన బంధుత్వం ఇట్లా ఉండాలని నాకనిపిస్తుంది.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో టైరీ గైటన్ అనే ఆర్టిస్టు 1986లో తాను పుట్టి పెరిగిన వీధిలోనే, జనం వదిలేసి పోయిన ఇళ్లకు రంగుచుక్కలు వేసి, పారేసిన బొమ్మలు, చెప్పులు, కార్ల భాగాలు తగిలించడం మొదలుపెట్టాడు. చూడ్డానికి దూరం నుంచి జనం వచ్చారు. నగర ప్రభుత్వం మాత్రం 1991లో ఒకసారి, 1999లో ఇంకోసారి కొంత భాగం కూల్చింది. పక్కింటి వాళ్లలో కూడా అందరూ సంతోషించలేదు. ‘మా వీధిలో చెత్త తీయమంటే, చెత్తనే బొమ్మ చేసి పెట్టారు’ అనే బాధ ఎవరికైనా వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు.

షికాగోలో థియాస్టర్ గేట్స్ ఇంకో దారి పట్టాడు. కుండలు చేయడం, నగర ప్రణాళిక, రెండూ చదువుకున్న మనిషి. నల్లజాతి వాళ్లు ఎక్కువగా ఉండే సౌత్ సైడ్‌లో 1923 నాటి బ్యాంకు భవనం ఒకటి ఏళ్ల తరబడి నీళ్లు కారుతూ కూలడానికి సిద్ధంగా ఉంటే, నగరం నుంచి ఒక్క డాలరుకు తీసుకున్నాడు. బాగుచేసే ఖర్చు ఆయనే తెచ్చుకోవాలని షరతు. ఆ భవనంలోని పాలరాతి పలకలనే బాండ్లలాగా చెక్కి, కళాఖండాలుగా అమ్మి డబ్బు పోగు చేశాడు. 2015లో తెరిచారు. ఇప్పుడు అది ఆ వర్గం వాళ్ల పుస్తకాలు, పత్రికలు, రికార్డులు దాచుకున్న గ్రంథాలయం. ఇన్‌స్టలేషన్ ఎక్కడ ఆగి భవనం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఆ గీత చెరిగిపోవడమే నాకు నచ్చింది.

అయితే ఇక్కడ ఒక ముడి ఉంది. పాడుబడ్డ పేటకు కళతో పేరొస్తే స్థలాల ధర పెరుగుతుంది. ధర పెరిగితే అద్దె పెరుగుతుంది. కేఫ్‌లు వస్తాయి, పాత అద్దెదారులు పోతారు. ఆర్టిస్టుకు ఆ ఉద్దేశం లేకపోయినా ఇది జరుగుతుంది. కర్నూలులో ఇప్పుడే ఆ టెన్షన్ అక్కర్లేదు అనేవాళ్లున్నారు. కాలువ కట్టల పక్క, వంకల పక్క స్థలం ఎంత పలుకుతోందో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. గేట్స్ చేసినట్టు ఆస్తి ఆ పేట వాళ్ల చేతుల్లో ఉంటేనే కాస్త రక్షణ.

ఇక పర్మిషన్ల సంగతి. మనకు పాడుబడ్డట్టు కనిపించే చోటుకు చాలాసార్లు ఇద్దరు ముగ్గురు యజమానులుంటారు. చాలా చోట్లు పాడుబడేది కూడా అందుకే. కాలువ జలవనరుల శాఖది, పక్క డ్రైనేజీ నగరపాలక సంస్థది, స్తంభం కరెంటు వాళ్లది. తాళం వేసిన పాత ఇల్లయితే అన్నదమ్ముల కోర్టు కేసు. కేంద్ర రక్షణలో ఉన్న స్మారక కట్టడమైతే దాని చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. తాత్కాలికమే కదా, వెదురే కదా అనుకుని మొదలుపెట్టకుండా ముందే అడగడం మంచిది.

పెట్టిన తర్వాత దాని మీద ఆర్టిస్టుకు హక్కు ఉంటుందా? మన కాపీరైట్ చట్టం, 1957లో 57వ సెక్షన్ అనేది ఒకటుంది. పని అమ్మేసినా, ఇచ్చేసినా, దాన్ని వికృతం చేసి తన పేరు చెడగొడితే అడిగే నైతిక హక్కు సృష్టికర్తకు మిగిలే ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు శిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా ఊడదీసి గోదాములో పడేశారు, ముక్కలు పోయాయి. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. ఆ చట్టం అంత దూరం వచ్చింది. అనుమతి లేని చోట పెట్టిన పనిని తీసేయకుండా ఆపేంత బలం దానికి ఉందని ఎవరూ ధీమాగా ఉండకూడదు. ఎన్ని రోజులుంటుంది, ఎవరు తీస్తారు, తీసిన సామాను ఎక్కడికి పోతుంది, ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాకే మేకు కొట్టాలి.

సామాను అంటే గుర్తొచ్చింది. మన జిల్లాల్లో ఇలాంటి పనికి ముడిసరుకు వెతుక్కోనక్కర్లేదు. పుట్టినరోజులకూ పరామర్శలకూ ఎన్నికలకూ కట్టిన ఫ్లెక్సీలు గుట్టలు గుట్టలు. వాన పడితే వాటినే పాకల మీద కప్పుతారు, వామి మీద కప్పుతారు. నాయకుడి సగం మొహం గడ్డివామి మీద నవ్వుతూ ఉంటుంది. కడప బండలు, బేతంచెర్ల బండలు కోసే చోట పనికిరాని ముక్కలు కొండల్లా ఉంటాయి. మనం వంటగట్టు మీద రోజూ తుడిచే రాయి అది. హైదరాబాదులో పుట్టి, ఢిల్లీలో ఆర్కిటెక్చర్ చదివిన అసీం వాఖిఫ్ 2017లో కెనడాలోని వాంకూవర్‌లో, ఆ నగరంలో పడగొట్టిన ఇళ్ల సామానుతోనే పెద్ద ఇన్‌స్టలేషన్ చేశారు. ఆ ఊరి చెత్తతో ఆ ఊరి గురించే మాట్లాడటం. బళ్లారి చౌరస్తా దాటి రోడ్డు పక్కన పోసిన పాత మిద్దెల మట్టి, దూలాలు చూసినప్పుడల్లా నాకు ఆ పని గుర్తొస్తుంది.

ఇదంతా మనకు కొత్తా అంటే, సగం కొత్త. కర్నూలులో వినాయక నిమజ్జనం జరిగేది ఈ కేసీ కాలువలోనే. ఏడాదంతా ముక్కు మూసుకుని దాటే కాలువ వినాయక ఘాట్ దగ్గర ఆ ఒక్క రోజు ఊరికి నడిబొడ్డు అవుతుంది. క్రేన్లు, డప్పులు, లైట్లు, వేల మంది. మొహర్రం వస్తే మన సీమ పల్లెల్లో మూసి ఉన్న పీర్ల చావిడి తెరుచుకుంటుంది, ముందు గుండం తవ్వుతారు, హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కుతారు. కొద్దిరోజుల కోసం ఒక చోటును మార్చేసి, మళ్లీ యథాస్థితికి వదిలేయడం మనకు తెలిసిన విద్యే. కానీ పండగకు అర్థం అందరికీ ముందే తెలుసు. ఇన్‌స్టలేషన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఎవరో కట్టిన నీలం తాడును చూసి ‘ఏందబ్బా ఇది’ అని నిలబడాల్సిందే. ఆ నిలబడ్డ క్షణం కోసమే అంత కష్టం. నిమజ్జనం మర్నాడు కాలువలో తేలే ప్లాస్టర్ చేతుల్ని మాత్రం ఎవరూ నిలబడి చూడరు, చూడాలని నా కోరిక.

తాడు దగ్గరికి మళ్లీ వస్తాను. ఊహే అయినా, అది జరిగే పనేనా అని తెలుసుకోవాలనిపించి, నాకు తెలిసిన వీధిలో కొన్ని ఇళ్లలో అడిగాను. గోడకు మేకు కొడితే ఒప్పుకుంటారా అని. ఒకాయన వెంటనే బయటికొచ్చి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపించాడు. ఆయన భార్య, కాదు ఇంకా జానెడు పైన అని సరిచేసింది. వాళ్లిద్దరూ ఆ జానెడు కోసం చాలాసేపు వాదించుకున్నారు, కిటికీ రెక్కల లెక్కన కొలిచారు. ఇంకో ఇంట్లో పిల్లలు తాము పట్టుకుంటామన్నారు. నాలుగో ఇంటి అవ్వ మంచం మీదే కూర్చుని అంతా విన్నది. ఆమెకు వయసు ఎనభై పైనే ఉంటుంది.

‘మా గోడకు కట్టొద్దు నాయనా. పొద్దున లేస్తూనే దాన్ని నేను చూడలేను’ అన్నది.

ఎవరైనా ఆ తాడు నిజంగా కడితే, ఆ అవ్వ గోడకు ఈ పక్క ముడి వేసి ఆపాలి. ఆమె ఇల్లు దాటాక, అదే ఎత్తులో మళ్లీ మొదలుపెట్టాలి.